అరంగుళం బిగుతు

"ఉతికితే కుంచించుకుపోయిందండీ" అంటూ ప్యాంటు పట్టుకొచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏళ్ళ తరబడి ఉతుకుతున్న ప్యాంటు నిన్నటి ఉతుకుకే కుంచించుకుపోతుందా? "గుడ్డ కుంచించుకుపోలేదు నాయనా, నువ్వు పెరిగావు. పెరిగితే తప్పేముంది? తిన్నావు, పెరిగావు. ఇలా వచ్చి నిలబడు, కొలత తీస్తాను" అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు మూతి ముడుచుకుంటారు. మొత్తానికి బట్టలు సరిచేసే నా కొట్టుకి వచ్చి తన ఒంటి గురించి తను అబద్ధం చెప్పి నెగ్గినవాడు లేడు. అలాంటిదాన్ని, కట్టుకున్న మొగుడికి మాత్రం నెలల తరబడి అబద్ధం కుట్టి తొడిగాను.

మా ఆయన సిటీ బస్సు నడిపేవాడు. పెద్ద పొడగరేం కాదు గానీ దిట్టమైన భుజాలు. స్టీరింగు తిప్పి తిప్పి వచ్చిన భుజాలవి. కిందటేడు పెద్దపేగులో క్యాన్సర్ అన్నారు. తెలిసేసరికే కాలేయానికి పాకింది. "పూర్తిగా పోగొట్టలేమమ్మా, అదుపులో పెట్టడానికి ప్రయత్నిద్దాం" అని డాక్టరమ్మ చాలా మెల్లగా చెప్పింది. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. ఆవిడ మీద అరవడానికి కూడా నాకు నోరు రాలేదు.

నరంలోకి ఎక్కించే మందు మొదలుపెట్టారు. ఎక్కించిన వారమంతా ఆయన మంచానికి అతుక్కుపోయేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటే రేకు నమిలినట్టు ఉందనేవాడు. ఆ తర్వాతి వారం కాస్త తేరుకునేవాడు. తేరుకున్నాడని నేను సంబరపడేలోపే మళ్ళీ మందు.

అలా తేరుకున్న ఒక పొద్దున, డిపోకి వెళ్ళి తోటివాళ్ళని చూసొస్తానని బయల్దేరాడు. ఇష్టమైన నీలం గళ్ళ చొక్కా వేసుకుని అద్దం ముందుకెళ్ళాడు. భుజం మీద ఉండాల్సిన కుట్టు చేతి మీదకి జారిపోయింది. లోపల ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. ఆయన చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత ఒక్కొక్క గుండీ విప్పి, చొక్కా కొక్కేనికి తగిలించి, మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"డిపోకన్నారుగా?" అన్నాను.

"రేపు వెళ్తాలే."

రేపు కూడా వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. అన్నం దగ్గరికి పిలిస్తే ఆకలి లేదనేవాడు. డాక్టర్లు చెప్పిన జబ్బు కన్నా ఆ గోడవైపు తిరిగి పడుకోవడం చూసి నాకు ఎక్కువ భయమేసింది.

భయమేస్తే నాకు కోపం వస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆ రోజు జిప్పు వేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషిని నిష్కారణంగా దులిపేశాను. పాపం, సంచి కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం మా ఆయనకి నిద్రపట్టాక మేడ మీదికెళ్ళి ఆ నీలం చొక్కా తెచ్చాను. మా ఇల్లు మేడ మీద, కొట్టు కింద. పక్క కుట్లు విప్పి, చేతులు ఊడదీసి, భుజాలు తగ్గించి, మళ్ళీ అన్నీ కుట్టేశాను. గుడ్డ కత్తిరించడానికి చెయ్యి రాలేదు, లోపలికి మడిచి కుట్టాను. ఇస్త్రీ చేసి, ఏమీ ఎరగనట్టు అదే కొక్కేనికి తగిలించాను.

మర్నాడు పొద్దున, "ఆ చొక్కా ఒకసారి వేసుకుని చూడండి. మొన్న నీరసంలో మీకే అలా కనిపించిందేమో" అన్నాను.

నా పోరు పడలేక వేసుకున్నాడు. భుజం కుట్టు భుజం మీద కూర్చుంది. పక్కకి తిరిగి చూసుకున్నాడు, వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"ఏమే, మొన్నటిది ఇదేనా?"

"మీకున్నది ఒక్కటేగా నీలం గళ్ళది. ఇంకోటి ఎక్కణ్ణించి వస్తుంది?"

ఆ రోజు డిపోకి వెళ్ళాడు. వచ్చి, మారు వడ్డించమని అడిగి మరీ తిన్నాడు. ఆయన ముందు కూర్చుని వడ్డిస్తుంటే నాకు ఏనుగెక్కినంత సంతోషం కలిగింది. ఆ సంతోషమే నన్ను చెడగొట్టింది.

ఇక ఆపడం నా వల్ల కాలేదు. మందు ఎక్కించుకుని వచ్చి ఆయన పడుకున్నప్పుడల్లా చొక్కాలన్నీ కిందికి తెచ్చి కాస్త కాస్త తగ్గించేదాన్ని. ప్యాంట్లు కూడా. ఆయనకి టేపు వేసి కొలవాల్సిన పని లేదు. ఆయన వీపు ఎంతుందో నా చేతులకి తెలుసు.

అద్దంలో ముఖం చూసుకోడా, ఆసుపత్రిలో బరువు చూడరా అంటారేమో. ముఖం రోజూ చూసుకునేవాడికి మార్పు అంత తొందరగా తెలియదు. ఇక బరువు సంగతి. ముల్లు వెనక్కి వెళ్ళినప్పుడల్లా ఆయన నర్సుతో వాదించేవాడు. "నా సర్వీసంతా పాడైపోయిన మీటర్లతోనే బస్సు నడిపానమ్మా. స్పీడు ఎంతో మీటరు చెప్పదు, కూర్చున్న సీటు చెప్తుంది. నా చొక్కా నాకు చెప్తోంది, నేనేం తగ్గలేదు" అనేవాడు. ఆ పిల్ల నవ్వి ఊరుకునేది. నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని.

స్కాన్ తీయించే ముందు మా వదిన వచ్చింది. ఆయనకి అక్క, తల్లి తర్వాత తల్లి లాంటిది. వంటగదిలో నా చెయ్యి పట్టుకుని గుండెలు బాదుకుంది.

"ఏంటే మరదలా, సగమైపోయాడు నా తమ్ముడు! మెడ చూడు, పిట్ట మెడలా..."

"గట్టిగా అన్నారంటే మీ నోరు కుట్టేస్తాను వదినా. మిషను కిందే ఉంది" అన్నాను.

ముందుగదిలోకి వెళ్ళేసరికి ఆయన ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. "చూశావా అక్కా? నేను చిక్కిపోయానని ఫోన్‌లో ఎవరో చెప్పారన్నావుగా. ఇదిగో, నా పాత చొక్కానే. ఎక్కడైనా వదులుందా?"

వదిన చొక్కా చూసింది, నన్ను చూసింది. ఆవిడకి అర్థమైపోయింది. గుడ్లనీళ్ళు గుడ్లలోనే కుక్కుకుని, "అవున్రా, కాస్త ఒళ్ళు కూడా చేశావు" అంది.

"ఒళ్ళు చేశానా?" అని పొట్ట తడుముకుంటూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూశాక నా బుద్ధి గడ్డి తింది. స్కాన్ తీసి, ఫలితం చెప్పడానికి పది రోజులాగి రమ్మన్నారు. ఆ పది రోజులూ ఈయన్ని ఎలా నిలబెట్టాలిరా దేవుడా అనుకుంటూ, చొక్కాలన్నీ ఒంటికి సరిపోయే దానికన్నా ఇంకో అరంగుళం బిగించేశాను.

అది బ్రహ్మాండంగా పనిచేసింది. "ఏమే, గుండీ లాగుతోందే! మందు పట్టింది! నేను చెప్పలా?" అని ఇల్లంతా తిరిగాడు. ఎంత కష్టమైనా ఈ మందు వదలనని, ఇంకెన్నిసార్లు ఎక్కించుకోమన్నా ఎక్కించుకుంటానని అన్నాడు. నేను కూడా తలూపాను. సిగ్గు లేకుండా తలూపాను.

పదో రోజు డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది.

"ఇదిగో, ఈ మచ్చ ముందుకన్నా చిన్నదైంది. ఇది మాత్రం కాస్త పెద్దదిగా కనిపిస్తోంది. జబ్బు పెరిగి అలా ఉందా, మందు పడ్డాక వాచి అలా ఉందా అన్నది ఈ స్కాన్‌లో తేలట్లేదు. డాక్టర్లందరం కూర్చుని చూశాం. ఒకరు అటన్నారు, ఒకరు ఇటన్నారు."

"అంత పెద్ద మిషనుకి ఆ మాత్రం తేల్చడం చేతకాదా?" అన్నాను.

"చేతకాదమ్మా" అంది ఆవిడ. కోప్పడలేదు. "ఇలాంటప్పుడు మనిషి ఎలా ఉన్నారన్నదే మాకు ఆధారం."

ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. "అయితే నన్నడగండి డాక్టరుగారూ. మందు పనిచేస్తోంది. నా చొక్కాలన్నీ బిగుతైపోతున్నాయి, ఈ పది రోజుల నుంచీ మరీను. మీ ముల్లు సంగతి వదిలేయండి."

నవ్వుతుందనుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. కలం కింద పెట్టేసింది.

"బిగుతవుతున్నాయా? ఎక్కడ, పొట్ట దగ్గరా?"

"పొట్ట దగ్గరా, ఛాతీ దగ్గరా, అంతటా."

"ఒకసారి ఇలా పడుకోండి."

పొట్ట మీద చెయ్యి పెట్టి, వేళ్ళతో తట్టి, పక్కకి తిప్పి మళ్ళీ తట్టింది. తర్వాత స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. "చేతికి అంతగా తెలియట్లేదు. కానీ బరువు తగ్గుతూ బట్టలు బిగుతవుతున్నాయంటే లోపల నీరు చేరుతుండొచ్చు. స్కాన్ తీసిన రోజు లేదు, ఆ తర్వాత మొదలై ఉండొచ్చు. కింది అంతస్తులో పొట్ట పరీక్ష చేయించి, అవసరమైతే సూది వేసి కాస్త నీరు తీసి చూద్దాం. అదే గనక అయితే, ఆ పెద్దదైన మచ్చ జబ్బే అనుకోవాలి. మందు పనిచేయట్లేదని అర్థం."

ఆయన ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు అలాగే పెట్టుకుని నావైపు చూశాడు. డాక్టరమ్మ ఫోన్ అందుకుంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ అనుకున్నాను.

"ఆగండి డాక్టరమ్మా! నీళ్ళూ లేవు, గీళ్ళూ లేవు. ఆ చొక్కాలు బిగించింది నేను."

ఇద్దరూ నన్నే చూశారు.

"ఈయన చిక్కిపోతున్నకొద్దీ నేను చొక్కాలు తగ్గిస్తూ వచ్చాను. ఈ పది రోజులూ ధైర్యంగా ఉంటాడని ఇంకో అరంగుళం ఎక్కువ బిగించాను. నా పని అది. మీ సూది అక్కడ పెట్టండి. గుచ్చితే నన్ను గుచ్చండి."

డాక్టరమ్మ ఫోన్ పెట్టేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆయన లేచి కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. పెట్టుకుంటూ పెట్టుకుంటూ పక్క కుట్టు దగ్గర వేళ్ళు ఆపాడు. మడిచిన గుడ్డ మందంగా తగిలింది కాబోలు, దాన్ని బొటనవేలితో మెల్లగా రుద్దాడు.

డాక్టరమ్మ ఆయనతో మాట్లాడింది. "అయితే సూది అక్కర్లేదు. బరువు మాత్రం నిజంగానే తగ్గుతున్నారన్నమాట, ఈ మందు మీ ఒంటికి బరువుగా ఉంది. రెండు దారులున్నాయి. ఇదే మందు కొనసాగించి చూడొచ్చు. లేదా రెండు నెలలు మందు ఆపి, తిని, కాస్త బలం పుంజుకుని, అప్పుడు మళ్ళీ స్కాన్ తీసి చూడొచ్చు. ఇది తప్పు, అది ఒప్పు అని చెప్పలేను. ఇద్దరూ మాట్లాడుకుని వచ్చే వారం చెప్పండి."

పొద్దున్న అయితే "కొనసాగిద్దాం" అని ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడు తల మాత్రం ఊపాడు.

ఇంటికి బస్సులో వచ్చాం. ఏ బస్సెక్కినా డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుని, "క్లచ్చు తొక్కి చంపేస్తున్నాడు", "ఆ మలుపు అలాగా తిప్పేది" అని సణగడం ఆయనకి అలవాటు. ఆ రోజు డ్రైవరు వేసిన బ్రేకుకి నా తల ముందు సీటుకి కొట్టుకుంది. "చూశారా ఆ బ్రేకు, మెదడు ముక్కులోకి వచ్చేసింది" అన్నాను, ఏమైనా అంటాడేమోనని. ఆయన రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక నావల్ల కాలేదు. "తిట్టండి! ఊరుకుంటారేంటి? నలుగురిలో మీ పరువు తీశాను, నెలల తరబడి మోసం చేశాను. నోట్లో నాలుక లేదా? తిట్టండి!" అని నేనే ఆయన మీద అరిచాను.

"తిట్టడానికి ఓపికుండాలి కదే" అని మేడ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఇక గోడే, ఇక మళ్ళీ ఆ గోడే అనుకున్నాను. మిషను ముందు కూర్చున్నాను గానీ కాలు ఆడలేదు. ఒకావిడ ప్యాంటు తెచ్చి, "ఉతికితే కుంచించుకుపోయిందండీ" అంది. "అవునమ్మా, కుంచించుకుపోయింది. అక్కడ పెట్టి వెళ్ళు" అన్నాను. ఆవిడ నాకేదో అయిందనుకుని, "ఒంట్లో బాలేదా?" అని అడిగి మరీ వెళ్ళింది.

సాయంత్రం ఎండ కొట్లోకి పడే వేళకి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక్కో మెట్టుకీ ఆగుతూ దిగుతున్నాడు. రెండు చేతుల నిండా చొక్కాలు. తెచ్చి నా కత్తిరింపు బల్ల మీద పడేశాడు. అన్నీ ఉన్నాయి. ఒంటి మీద బనీను మాత్రమే ఉంది.

"విప్పు" అన్నాడు.

"ఏంటి?"

"కుట్లు. నువ్వు వేసినవన్నీ విప్పు."

ఎదురు చెప్పలేదు. నీలం గళ్ళది ముందు తీసుకున్నాను. ఆయన గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చుని నా చేతుల్నే చూశాడు. ఒకదాని మీద ఒకటి వేసిన కుట్లు ఒక్కొక్కటే తెగుతుంటే, రాలిన దారం ముక్కలు ఏరి అరచేతిలో పోగేశాడు. "దీన్నెన్నిసార్లు కుట్టావే?" అన్నాడు. గుర్తులేదన్నాను. మాటలో కోపం ఉందేమోనని వెతికాను. నాకు దొరకలేదు.

విప్పడం అయ్యాక చొక్కా తీసుకుని వేసుకున్నాడు. గుండీలన్నీ పెట్టుకుని, కొట్లోని నిలువుటద్దం ముందు నిలబడ్డాడు. నేను కళ్ళు దించేసుకున్నాను.

"ఇటు చూడవే. ఇంత చిక్కానా?"

అద్దం పాతదండీ, గుడ్డ సాగిందండీ, వెలుగు సరిగా లేదండీ. నాలుక చివరి దాకా వచ్చినవన్నీ మింగాను.

"ఇంత చిక్కారు" అన్నాను.

ఆయన చేతులు చాచి, వేలాడుతున్న చేతుల గుడ్డ చూసుకున్నాడు. గోడవైపు తిరగలేదు. అక్కడే నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

"మరి మందు పనిచేస్తోందా? నువ్వేమంటావు?"

"నాకేం తెలుసు? ఆ మిషనుకే తెలీదు."

"పొద్దుటి దాకా నాకు తెలుసనుకున్నా. ఆపుదామే. రెండు నెలలు ఆపుదాం. అన్నం అన్నంలా తిని ఎన్నాళ్ళైందో. అదీ చూద్దాం."

"ఆ రెండు నెలల్లో అది పెరిగితే? వద్దండీ. కష్టమో నష్టమో ఎక్కించుకుందాం. నేను చేసిపెడతాను, నేను చూసుకుంటాను, మీరు..."

"పెరిగితే పెరిగిందంటారు. నీకూ భయమే, నాకూ భయమే. కానీ ఇది నా ఒళ్ళు, ఈ ఒక్కసారి నా మాట చెల్లనివ్వు."

నెలల తరబడి ఆ ఒంటి గురించి ఆయనకి నిజం తెలియకుండా చేసినదాన్ని, ఇంకేమని ఎదురు చెప్పను? సరేనన్నాను.

"కొలత తియ్యి" అన్నాడు.

"ఇప్పుడెందుకు?"

"తియ్యవే. దొంగచాటుగా కాదు, ఎదురుగా నిలబడి తియ్యి. గిరాకీలకి చెప్పినట్టు గట్టిగా చెప్పు."

చొక్కా తీసేశాడు. నా మెడలోని టేపు తీసి, ఆయన వీపు చుట్టూ చేతులు పోనిచ్చి, రెండు కొసలూ ఛాతీ మీద కలిపాను. వేళ్ళ కింద ఎముకలు తగిలాయి. అంకె చూసి దాన్ని బొటనవేలితో కప్పేశాను.

"చెప్పు."

"ముప్పై ఆరు."

"జబ్బు రాకముందు?"

"నలభై."

ఆయన నా నెత్తి మీద గడ్డం ఆనించాడు.

"నలభై నుంచి ముప్పై ఆరు దాకా నేను అరిగిపోతుంటే అంతా నువ్వొక్కదానివే చూస్తూ కూర్చున్నావా? పిచ్చిమొహమా, నన్ను కూడా పిలవాల్సింది కదే" అన్నాడు.

టేపు జారి కిందపడింది. చేతులు మాత్రం తీయలేకపోయాను. తలుపు తీసుందే, వీధిలో వాళ్ళు చూస్తారే అని ఆయన అంటుంటే, చూడనివ్వండి అన్నాను.